ఉత్త సాంచకు కట్టిన గడియారం

పాత చేతి గడియారం కొనేముందు నేను ముఖం చూడను, వీపు చూస్తాను. ముఖం ఎవరైనా కడుక్కుంటారు. వీపు మీది మురికి ఎవరికీ అందదు. ఏళ్ల తరబడి ఒక మనిషి చెమట తాగిన గడియారానికి వెనక మూత గీతల్లో నల్లటి పసరు పేరుకుంటుంది. అంచుల వెంట సన్నటి గుంటలు పడతాయి. తర్వాత పట్టీ రాసుకునే చోటు చూడాలి. ఆ తర్వాత చావి ఇచ్చే బొడిపె, దాని పళ్లు అరిగాయా లేదా అని. ముఖం దగ్గరికి వచ్చేది ఆఖరున. అంకెల పలకా, ముళ్లూ ఒకే ఈడువా అని చూస్తాను. పలక ముసలిదై ముళ్లు పడుచువైతే, మధ్యలో ఎక్కడో రెండో పెళ్లి జరిగిందన్నమాట. అన్నీ అయ్యాక చెవి దగ్గర పెట్టుకుంటాను. వేళ చెప్పే దానికి వెల చెప్పాలంటే ఇంత తతంగం ఉంది.

ఇది చదివి నన్ను పండితుణ్ణి చేయకండి. నేను కరీంనగర్ బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి దిగిపోయినవాణ్ణి. అంతకుముందు ఆసిఫాబాద్‌లో, ఖానాపూర్‌లో అదే పని. బస్సు ఎప్పుడు రావాలో పలక మీద నేను రాసేవాణ్ణి. ఎప్పుడు వస్తుందో రోడ్డు రాసేది. మైకులో బస్సులను పేరు పెట్టి పిలిచేవాణ్ణి, అవి కూడా నా పిల్లల్లాగే పిలవగానే వచ్చేవి కావు. వేళలు చెప్పేవాణ్ణి వేళాకోళం చేయడం ప్రయాణికుల హక్కు. "సారూ, మీ గడియారం ఏ ఊరి టైము సూపిస్తది?" అని కిటికీలోంచి అడిగి పోయేవాళ్లు. అప్పట్లో నేనూ నవ్వేవాణ్ణి.

ఉద్యోగం దిగాక గడియారాలు పోగేయడం మొదలైంది. వాటిని ఒక చెక్కపెట్టెలో గుడ్డ పరిచి వరసగా పడుకోబెట్టాను. మా ఇంటావిడ దాన్ని శవాల గది అంటుంది.

"ఇన్ని గడియారాలున్నయ్, ఒక్కటన్న నడుస్తదా? అన్నానికి పిలిస్తె ఏ ఒక్కనాడన్న టయానికి వస్తవా?"

"నడిపితే అరుగుతయే. అరిగితే వెల పోతది."

"అరగకుంట ఉండాల్నంటె ఆగిపోవాల్నన్నట్టు. గందుకేనా పింఛను వచ్చిననాటి సంది నువ్వు కుర్చీల కెల్లి లేస్తలేవు?"

ఆమె చెప్పింది నిజానికి పోగేసేవాళ్లందరి సూత్రం. ఏ చెయ్యీ తాకని గడియారానికే వెల ఎక్కువ. ఎవరూ బతకని ఇల్లు కొత్తగా కనిపించినట్టు.

గడియార స్తంభం దగ్గర ఒక చిన్న దుకాణంలో నా స్నేహితుడు ఒకాయన పాత గడియారాలు కొని, బాగుచేసి, అమ్ముతాడు. నేను భాయ్ అంటాను, ఆయనా నన్ను భాయ్ అనే అంటాడు. ఒకరోజు వెళ్లగానే టీ గ్లాసు నా వైపు జరిపి చెప్పాడు.

"భాయ్, సిరిసిల్లల ఒక పద్మశాలోల్ల అక్క ఉన్నది. ఆమె తమ్ముడు ఎప్పుడో దుబాయి కెల్లి ఆటోమేటిక్ తెచ్చిండట. ఇస్తదట. నేను పోయిన. సూపియ్యలే."

"ఎందుకు?"

"నా చెయ్యి జూసింది. గడియారాలమ్మెటోని చేతికే గడియారం లేదు, నువ్వేం పెట్టుకుంటవ్, పో అన్నది. ఏం జెప్పాలె? మిఠాయి దుకాణపోడు మిఠాయి తింటడా?"

"అయితే నన్నెందుకు పిలుస్తున్నవ్?"

"నీ దగ్గర గడియారాలున్నయ్ గద. ఒకటి కట్టుకొని రా. నేను నీ ఎనక నిలవడి సూస్త, బస్."

మర్నాడు పొద్దున చెక్కపెట్టె తెరిచి సర్కారు కంపెనీ వాళ్ల పాత గడియారం ఒకటి తీశాను. చావి ఇచ్చి చేతికి కట్టుకున్నాను. పెళ్లిచూపులకు అరువు అంగీ తొడుక్కుని పోయేవాడిలా ఉన్నానని ఇంటావిడ అంది. భాయ్ స్కూటర్ వెనక కూర్చుని సిరిసిల్ల చేరేసరికి ఎండ బాగా ఎక్కింది.

మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఒకప్పుడు ఆ వాడల్లో మాట్లాడుకోవాలంటే చెవిలో నోరు పెట్టాల్సి వచ్చేది, అంత సాంచాల మోత. ఆ రోజు మేము స్కూటర్ ఆపాక నాకు నా చెప్పుల చప్పుడు వినిపించింది. షెడ్లకు తాళాలు పడి ఉన్నాయి. ఒక గోడ పక్కన తుక్కుగా విప్పిన ఇనుప చట్రాలు ఎండకు పడి ఉన్నాయి. ఎక్కడో దూరాన ఒక్క సాంచ మాత్రం నడుస్తోంది. మేము సందు మలుపు తిరిగేసరికి అదీ ఆగింది. ఆగాక వాడంతా ఊపిరి బిగబట్టినట్టనిపించింది.

తలుపు గడియ తీసింది సన్నటి ముసలావిడ. డెబ్బై దగ్గర పడి ఉంటాయి. ముక్కు మీద చెమట. ముందు భాయ్ వైపు చూసి, "నువ్వు మల్లొచ్చినవా?" అంది. తర్వాత నా మణికట్టు పట్టుకుని కళ్ల దగ్గరికి తీసుకుంది. పట్టు గట్టిగా ఉంది.

"తమ్మీ, నీది ఆగింది."

చూసుకున్నాను. నిజమే. స్కూటరెక్కిన కొంచెం సేపటికే ఆగినట్టుంది. ఇన్నేళ్లు వేళలు పిలిచిన మనిషిని, చచ్చిన గడియారం కట్టుకుని బేరానికి వచ్చాను.

"రోడ్డు మంచిగ లేదక్కా," అన్నాను.

"నడుపకపోతె గట్లనే ఆగుతయ్. కూసోండ్రి."

లోపలికి వెళ్లి తెల్లటి గుడ్డపేలికలో చుట్టిన దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టింది. గుడ్డ విప్పితే ఉక్కు గొలుసుతో ఉన్న ఆటోమేటిక్ గడియారం. నడుస్తోంది. పైగా వెచ్చగా ఉంది. అప్పుడే ఎవరో చేతి నుంచి తీసి ఇచ్చినట్టు.

ఆటోమేటిక్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. దీనికి చావి ఇవ్వనక్కర్లేదు. లోపల అర్ధచంద్రంలాంటి ఒక బరువు ఉంటుంది, రోటర్ అంటారు. చెయ్యి ఊగితే అది తిరుగుతుంది, అది తిరిగితే లోపలి స్ప్రింగు బిగుస్తుంది. చేతి నుంచి తీసి పక్కన పెట్టేస్తే ఒకటి రెండు రోజుల్లో ఆగిపోతుంది. మామూలు గడియారానికి చావి లేకపోతే చావు. దీనికి మనిషి లేకపోతే చావు.

"ఎవరు కట్టుకుంటున్నరక్కా?"

"ఎవ్వరు కట్టుకుంటలేరు."

"మరి నడుస్తుంది?"

"నడుస్తది," అంది. అంతే.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్న జాడ లేదు. దండెం మీద ఆమె చీరలే, గోడ పక్కన ఒక జత చెప్పులే. ఆమె మణికట్టు చూశాను. గాజులున్నాయి, గొలుసు ఒత్తిన గుర్తు లేదు. భాయ్ నా వైపు చూసి, పెదవులు కదపకుండా ఏదో దువా చదువుకున్నట్టు కనిపించాడు.

భయం వేసినప్పుడు పని చేయడం మంచిదని భూతద్దం తీశాను. వీపు చూశాను. మూత మీద గీతలు పదును పోకుండా ఉన్నాయి, పసరు లేదు, గుంటలు లేవు. గొలుసు ఎత్తి పట్టుకుంటే సాగి వేలాడలేదు, కొత్త గొలుసులా గట్టిగా నిలబడింది. అద్దం మీద గీత లేదు. పలకా, ముళ్లూ తోడబుట్టినవే. ఇది ఎవరూ కట్టుకోని గడియారమని ఒళ్లంతా చెబుతోంది. నాలాంటివాడు లొట్టలేసే సరుకు.

చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్కుల వెనక ఇంకో చప్పుడు ఉంది. కొంచెం కదిపితే చాలు, లోపల గీరుతోంది. ఇనుము మీద గోరుతో గీసినట్టు.

"భాయ్, మూత తియ్యి."

ఆయన సంచిలోంచి పనిముట్టు తీసి మూత విప్పాడు. భూతద్దం కోసం ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. రోటర్ ఇరుసు అరిగిపోయి, ఆ అర్ధచంద్రం ఒక పక్కకు వాలిపోయి ఉంది. వాలి తిరిగీ తిరిగీ మూత లోపలి వైపు ఒక నెలవంక గీసింది, ఆ చోట ఇనుము తళతళ మెరుస్తోంది. ఒక మనిషి కట్టుకుంటే జీవితకాలంలో కూడా అంత అరగదు. ఇది పగలూ రాత్రీ ఆగకుండా ఊగిన చెయ్యి.

నేను ఇంకో పరీక్ష చేస్తాను. జేబులో చిన్న దిక్సూచి ఉంచుకుంటాను. గడియారానికి అయస్కాంతం పట్టిందా లేదా అని చూడటానికి. దిక్సూచిని దగ్గర పెట్టగానే దాని సూది ఉత్తరం మరిచిపోయి గడియారం వైపు తిరిగి నిలబడింది. అయస్కాంతం పట్టిన గడియారం వేగంగా పరుగెత్తాలి. ఇదేమో గోడ గడియారం కంటే గంటన్నర వెనక ఉంది.

పైన ఎవరూ లేరు. లోపల ఎవరో నిద్రపోని మనిషి ఉన్నాడు. ముందుకు ఉరకాల్సింది వెనక నడుస్తోంది. నా పరీక్షలన్నీ చేశాక నాకు తెలిసింది ఇదే.

భాయ్ నా చెవిలో, "ఖిచిడీ," అన్నాడు. ఒక గడియారం డొక్కలో ఇంకో గడియారం మిషను పెట్టి అతికిస్తే మా బజారులో దాన్ని అట్లా అంటారు. నాకూ అదే సబబుగా తోచింది. లోకంలో దయ్యాల కంటే దొంగ రిపేర్లు ఎక్కువ.

"అక్కా, మంచిగ లేదని గాదు," అని మొదలుపెట్టాను. బస్సు ఆలస్యం అని చెప్పేటప్పటి గొంతు అది, ఇప్పటికీ వస్తుంది. "పైన ఉన్నది ఒకటి, లోపల ఉన్నది ఇంకోటి. ఎవరో లోపలి మిషను మార్చినట్టుంది. డబ్బా మీ తమ్ముడు తెచ్చిందే. మిషను మాత్రం వేరే ఎవరిదో."

ఆమె చెంగు చివర వేలికి చుట్టుకుంది.

"అంటే గిండ్ల నడిసేది వానిది గాదా?"

ఎవరి గడియారమైనా గడియారమే కదా అని నేను అనలేకపోయాను. ఆ ముఖం చూస్తే ఎవరూ అనలేరు.

"ఒక్కపారే నూనె వోయించిన," అంది, తనలో తానే. "దుకాణం ముంగట్నే కూసున్న. వాడు మూత తీసిన కాడికెల్లి పెట్టేదాక రెప్ప గొట్టలే. మార్చనిస్తనా నేను?" ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "నువ్వెట్ల జెప్తున్నవ్, మార్చిన్రని?"

"పైన ఎవరూ కట్టుకున్న గుర్తు లేదు. లోపల చూస్తే మస్తు అరిగింది. రాత్రింబగళ్లు ఊపే చెయ్యి ఎవరికన్న ఉంటదా అక్కా?"

ఆమె ముఖం తేటపడింది. నవ్విందనుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉన్నది. రాండ్రి, సూపిస్త."

పెరట్లో రేకుల షెడ్డు. లోపల నాలుగైదు సాంచాలు పట్టేంత చోటు, నేల మీద వాటి కాళ్లు నిలిచిన గుంతలు, నూనె మరకలు. మూలకు ఒక్కటే సాంచ మిగిలింది. దాని మీద పోగు లేదు. దారం లేదు, బట్ట లేదు, ఉత్త ఇనుప చట్రం. నేతలో దారాన్ని దగ్గరికి కొట్టడానికి ముందుకూ వెనక్కూ ఊగే చెక్క ఒకటి ఉంటుంది. ఆమె గడియారాన్ని పేలికలో చుట్టి, ఆ చెక్కకు రెండు ముళ్లు వేసి కట్టింది. బిడ్డను ఉయ్యాలలో వేసినంత నిదానంగా. స్విచ్చు నొక్కింది.

సాంచ కదిలింది. రేకులు అదిరాయి. నేయడానికి ఏమీ లేని ఆ చట్రం దడదడమని గాలిని కొడుతోంది. చెక్కతో పాటు ఆ తెల్లటి మూట మా వైపు వచ్చి, పోయి, వచ్చి, పోయి ఊగుతోంది. పక్కనే మోటారు. దిక్సూచి సూది ఎందుకు మరులుకుందో, గడియారం ఎందుకు వెచ్చగా ఉందో, సందు మలుపులో ఆగిన సాంచ ఎవరిదో, అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. అర్థమయ్యాక భయం పోవాలి. పోలేదు.

సాంచ మోతలో మాట్లాడటం ఆమెకు అలవాటే. గొంతు పెంచకుండానే వినిపించేలా చెప్పింది.

ఆమె తమ్ముడు ఇదే షెడ్డులో సాంచాలు నడిపి, గిట్టుబాటు కాక దుబాయి పోయాడు. ఒకసారి సెలవుకు వచ్చాడు. అప్పుడు తెచ్చుకున్నదే ఈ గడియారం. మళ్లీ పోయేనాడు కరీంనగర్ బస్టాండులో బొంబాయి బస్సు ఎక్కి, కూర్చున్నాక ఏమనిపించిందో, చేతికున్నది తీసి కిటికీలోంచి అక్కకు ఇచ్చాడు.

"ఆగనియ్యకక్కా అన్నడు. గది సాఫ్ ఇనవడ్డది. గటెన్క ఇంకేందో అన్నడు."

కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత కంపెనీ మూతపడిందన్నారు, మనుషులను ఇంకో చోటికి తరలించారన్నారు. తర్వాత ఏ కబురూ లేదు.

"ఉన్నడని జెప్పినోళ్లు లేరు. పోయిండని జెప్పినోళ్లు లేరు. ఎవల్ని అడుగుతె ఏమొస్తది? నా చేతిల ఉన్నది గిదొక్కటే. మొదలు నేనే కట్టుకున్న. బీడీలు జేస్తె వేళ్లు ఆడుతయ్ గని మణికట్టు ఆడది గద, ఒకనాడు ఆగింది. ఆనాడు నా పానం నా కాడ లేదు తమ్మీ. ఇగ సాంచకు గట్టిన. నేనాగిన్నేమో గని సాంచ ఆగలే."

ఒక్కొక్క సాంచా తుక్కుకు పోయింది. పోగు ఇచ్చేవాళ్లు కరువయ్యారు. ఆఖరుది మాత్రం ఆమె అమ్మలేదు. బట్ట లేకపోయినా రోజూ పొద్దున కొంతసేపు, మాపున కొంతసేపు ఉత్తగా నడుపుతుంది. వాడలో పిల్లలు ఆ షెడ్డు పక్క నుంచి పోరట. అందులో కనపడని మనిషి కూర్చుని నేస్తాడని చెప్పుకుంటారట.

"పక్కింటామె అడుగుతది, ఏం నేస్తున్నవే అక్కా, గాలి నేస్తున్నవా అని. అవునే, నీ మొగనికి అంగీ కుట్టిస్త, గాలిదైతె ఉతుకుడు బాధ ఉండదన్న."

భాయ్ పకాలున నవ్వి, ఆ షెడ్డులో నవ్వచ్చో లేదో తెలియక ఆపేశాడు.

గంటన్నర వెనక సంగతి నేను అడిగాను. ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"గది ఎన్కకు లేదు. గది ఆడి టైము, దుబాయిది. ఉరుకుతది గద, రోజు పొద్దుగాల ఫోన్ల జూసి సరి జేస్త."

ఏ ఊరి టైము సూపిస్తది సారూ. కిటికీలోంచి ఎవరో మళ్లీ అడిగినట్టయింది.

"ఇప్పుడెందుకు ఇస్తున్నవక్కా మరి?"

ఆమె సాంచ పక్క భాగం మీద చెయ్యి వేసింది. అక్కడ పగిలిన పళ్లచక్రం ఒకటి తీగతో కట్టి ఉంది. దాని సామాను ఎక్కడా దొరకడం లేదట. ఇవాళో రేపో అది విరుగుతుంది. తుక్కు ఆయన వచ్చి చూసి పోయాడు.

"సాంచ నిలవడకముందే ఒక చెయ్యి దొరకాలె. పెట్టెల వెట్టెటోడు వద్దు. కట్టుకొని తిరిగెటోడు గావాలె. గాయిన్ని గందుకే పొమ్మన్న." భాయ్ వైపు తల ఊపింది. తర్వాత, చాలాకాలంగా లోపల తిప్పుకుంటున్న మాటేదో బయటికి వచ్చినట్టు అంది. "వాడు ఎన్క ఏమన్నడో ఇనవడితె బాగుండు. పెట్టెల దాయుమన్నడో, ఎవలకన్న ఇయ్యిమన్నడో. గప్పుడే మైకుల ఒకాయన బొంబాయి బస్సు, బొంబాయి బస్సని ఒర్రవట్టె. వాని నోరు పడిపోను, గా ఒర్లుడుకు నా తమ్ముని మాట సగం ఇనవడలే."

నేను సాంచ వైపు చూస్తూ నిలబడ్డాను. భాయ్ నా వైపు చూశాడు. ఆయనకు కడుపులో మాట దాగదు.

"అక్కా, గా ఒర్రినాయిన గీయినే. కరీంనగర్ బస్టాండుల మైకు గీయినదే."

ఆమె స్విచ్చు ఆపింది. చెక్క ఇంకో రెండు ఊపులు ఊగి నిలిచింది. చెవుల్లో మోత మాత్రం నిలవలేదు.

"నిజమా తమ్మీ?"

"ఇద్దరం ఉండేవాళ్లమక్కా. షిఫ్టులు మారుతుండేవి. ఆ రోజు నేనో, రెండో ఆయనో..." నిజంగానే నాకు తెలియదు. ఆ కిటికీ వెనక నుంచి ఎన్నిసార్లు బొంబాయి బస్సును పిలిచానో. పైన కట్టిన పెట్టెలు, వాటి మీద సుద్దతో రాసిన పేర్లు, కిటికీల కింద చేతులెత్తి నిలబడ్డ ఆడవాళ్లు. అందరూ ఒకే రకంగా ఏడ్చేవాళ్లు. నేను బస్సు లేటవుతోందని గొంతు పెంచేవాణ్ణి. రెండో ఆయన కంటే నా గొంతే పెద్దది.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. దగ్గరికి వచ్చింది.

"అయితే ఒర్రు."

"ఏందక్కా?"

"గప్పుడెట్ల ఒర్రినవో గట్ల ఒక్కపారి ఒర్రు."

నాకు సిగ్గేసింది. గొంతు సవరించుకున్నాను. ఖాళీ షెడ్డులో, పోగు లేని సాంచ ముందు నిలబడి పిలిచాను. "ప్రయాణికులకు విజ్ఞప్తి. బొంబాయి వెళ్లు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది. ఎక్కవలసినవారు త్వరగా ఎక్కగలరు. బొంబాయి... బొంబాయి..." రేకులు నా గొంతును నాకే తిరిగి ఇచ్చాయి. ఆమె కళ్లు మూసుకుంది. ముఖం కొంచెం పైకెత్తింది. కిటికీ వైపు చూస్తున్నట్టు. పెదవులు కదులుతున్నాయి.

"మల్ల."

మళ్లీ పిలిచాను. ఈసారి నా గొంతు సగంలో జీరపోయింది. భాయ్ వెనక్కి తిరిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె కళ్లు తెరిచింది. "ఊహూఁ. వాని పెదవులు కండ్ల ముంగట్నే ఉన్నయ్. మాట ఇనవడ్తలే." చెంగుతో ముఖం తుడుచుకుంది. "గొంతు మాత్రం గిదే. జర తుప్పు వట్టింది గని."

తర్వాత ఆమె చెక్కకు కట్టిన ముడులు విప్పింది. ఆ మూటను నా చేతిలో పెట్టకుండా, తన చేతిలోనే ఉంచుకుని అడిగింది.

"కట్టుకుంటవా, పెట్టెల పెడ్తవా?"

నా చెక్కపెట్టె కళ్లముందు కనిపించింది. ఈ గడియారం అందులో పడుకోబెడితే పోగేసేవాళ్ల లెక్కలో వెల తగ్గదు. కట్టుకుంటే ఇరుసు కొన్ని నెలలకు మించి నిలవదు. ఇరుసు మారిస్తే పుట్టుకతో వచ్చిన భాగం పోయినట్టే, గడియారం వెల సగానికి పడినట్టే. అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. లోపలి అరుగుదల చూపించి, మార్చక తప్పదన్నాను. మార్చితే పూర్తిగా తమ్ముడిది కాకుండా పోతుందేమో అని కూడా అన్నాను.

"వాడు ఇప్పుడొస్తె పండ్లుంటయా వానికి? కట్టుడు పండ్లతోనస్తె నేను గుర్తు వట్టనా?" అంది. "మార్పియ్యి. నడిసుడే గావాలె."

"కట్టుకుంట అక్కా," అన్నాను.

"నువ్వే పంపినవ్. నువ్వే ఉంచు."

ఆ మాటలో కసి లేదు. అందుకే ఇప్పటికీ దాని నుంచి తప్పించుకోలేకపోతున్నాను. వెల సంగతి భాయ్ ఎత్తబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నడిపించుడే దాని వెల అంది. నా చేతికున్న ఆగిన గడియారం విప్పించి, దీన్ని తనే కట్టింది. గొలుసు నాకు కొంచెం వదులుగా ఉంది. అతను నా కంటే లావు మణికట్టు మనిషి. అతని గురించి నాకు తెలిసిన కొలత అదొక్కటే.

భాయ్ ఇరుసు మార్చాడు, అయస్కాంతం తీశాడు. ఇప్పుడు గీరుడు చప్పుడు లేదు. మూత లోపలి నెలవంకను మాత్రం మెరుగు పెట్టొద్దన్నాను. ఆయన విచిత్రంగా చూసి, "నీకు దయ్యం వట్టింది భాయ్," అన్నాడు. పట్టినా పట్టవచ్చు. కుర్చీలోంచి లేవని మనిషిని, ఇప్పుడు చెయ్యి ఊపుకుంటూ ఊరంతా తిరుగుతున్నాను. కూర్చుని పేపరు చదువుతూ కూడా ఎడమ చెయ్యి ఊపుతానని ఇంటావిడ మొదట నవ్వింది. గంటన్నర వెనక నడిచే గడియారం చూసి, "ఒక్కటన్న బతికింది తెచ్చినవనుకున్న, గిది వేరే లోకంల బతికినట్టుంది," అంది. సంగతంతా చెప్పాను.

ఆ మధ్య నాకు జ్వరం వచ్చి మంచం దిగలేదు. మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి చేతికి గడియారం లేదు. లేచి కూర్చుంటే వంటింట్లోంచి టపటపమని చప్పుడు. ఇంటావిడ జొన్నరొట్టె చేస్తోంది. మోచేతి దాకా పిండి. గాజుల పైన, పిండి అంటకుండా గుడ్డ చుట్టి, గడియారం కట్టుకుని ఉంది. రెండు రొట్టెలకు సరిపోయే పిండిని ఎంతసేపటి నుంచి కొడుతోందో. నా వైపు చూడకుండానే అంది.

"పండుకో. నడుస్తుంది."

తుక్కు ఆయన సాంచ విప్పుకుని పోయిన రోజు అక్క ఫోన్ చేసింది. ఆ విషయం ముందు చెప్పలేదు. "నడుస్తుందా?" అని అడిగింది. ఫోన్ గడియారం దగ్గర పెట్టాను. ఆమె వైపు ఎంత నిశ్శబ్దం అంటే, షెడ్డు ఖాళీ అయిందని ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

పొద్దున నడక ఎటు మొదలుపెట్టినా బస్టాండు దగ్గరే తేలుతున్నాను. ఇప్పుడు మైకులో మనిషి లేడు, ముందే ఎక్కించి పెట్టిన ఒక ఆడగొంతు బస్సులను పిలుస్తుంది. అందులో తుప్పు లేదు, తొందర లేదు. తెల్లవారి బొంబాయి బస్సు వచ్చి ఆగుతుంది. నేను దూరంగా సిమెంటు బల్ల దగ్గర నిలబడి దిగేవాళ్లను చూస్తాను. వయసు మళ్లిన మగవాళ్లు దిగితే ముఖం చూడను. పాత అలవాటు, మణికట్టు చూస్తాను. గొలుసు తీసేసిన చోటు తెల్లగా ఉందా అని. ఇన్నేళ్ల తర్వాత ఆ తెలుపు ఎక్కడుంటుంది. అయినా చూస్తాను. చూసి, నా చెయ్యి వెనక్కి దాచుకుంటాను, ఎవరైనా అడుగుతారేమోనని.

నేను అక్కడికి పోతున్నానని అక్కకు ఎట్లా తెలిసిందో, భాయే చెప్పి ఉంటాడు. ఇప్పుడు ఆ వేళకే ఫోన్ చేస్తుంది.

"బొంబాయి బస్సొచ్చిందా తమ్మీ?"

"వచ్చిందక్కా."

"అందరు దిగిన్రా?"

"దిగిన్రు."

"మంచిది," అంటుంది. ఎవరు దిగారని ఆమె అడగదు. ఎవరి కోసం చూశానో నేను చెప్పను. ఫోన్ పెట్టేశాక కండక్టరు తలుపు వేస్తాడు, ఖాళీ బస్సు డిపో వైపు మళ్లుతుంది. ఎండ ప్లాట్‌ఫారాల మీదికి వస్తుంది. నేను చెయ్యి ఊపుకుంటూ ఇంటి దారి పడతాను. నా చేతి మీద మాత్రం ఇంకా తెల్లవారలేదు.